ఇంట్లో మాట్లాడని మనిషి

పళ్ళ ల్యాబు, కిటికీ పక్క బల్ల
మధ్యాహ్నం విరామంలో

మీకు నమస్కారం.

మిమ్మల్ని ఏమని పిలవాలో తేలక ఇంతకుముందు రాసిన కాగితాలు చింపేశాను. అందుకే ఉత్త నమస్కారంతో మొదలుపెడుతున్నాను.

నేను మీ భర్త కూతుర్ని. కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో పని చేస్తాను. మన భాష రాయడం అమ్మ నేర్పింది, తప్పులుంటే సర్దుకోండి.

నిరుడు పెదనాన్నకు గుండె ఆపరేషన్ అని నాన్న మీ ఊరు వచ్చాడు. త్వరగా వచ్చేస్తానన్నవాడు నెలలు ఉండిపోయాడు. ఒకరోజు ఫోన్ చేసి, "ఒక మాట. పెళ్ళి చేసుకున్నాను" అన్నాడు. నేను "సరే" అన్నాను. ఆయన కూడా "సరే" అన్నాడు. ఫోన్ పెట్టేశాం. మీ పెళ్ళి గురించి మా ఇంట్లో జరిగిన సంభాషణ ఇంతే. తర్వాత ఒక ఫోటో తెచ్చాడు. అందులో మీరు కళ్ళు మూసుకుని నవ్వుతున్నారు. ఫోటో తీసినాయన ఏమన్నాడో గానీ, ఆ నవ్వు చూసి నాకు మీమీద కోపం రాలేదు. అలాగని ఇష్టమూ కలగలేదు.

నాన్న ఈ దేశ పౌరుడు కాబట్టి భార్యను తెచ్చుకునే హక్కు ఉందట. మీ వీసాకు దరఖాస్తు పెట్టాడు. ఒకే ఇంట్లో ఉంటున్నాను గనక నాతో మాట్లాడటానికి ఆఫీసరు ఇంటికి వస్తారని కబురొచ్చింది. ఏం చెప్పమంటావని నాన్నను అడిగితే "తెలిసింది చెప్పు" అన్నాడు. నాకు తెలిసింది ఆయన చెప్పిందే: "మంచి మనిషి. డ్రైవింగ్ నేర్పుతుంది."

అక్కడే నాకు చిక్కొచ్చిపడింది. నాన్న ఎన్నో ఏళ్ళుగా ఇక్కడ సిటీ బస్సు నడుపుతున్నాడు. అలాంటి మనిషి మీ దగ్గరకొచ్చి డ్రైవింగ్ నేర్చుకోవడమేమిటి? ఆఫీసరు అడక్కముందే నాకే అనుమానంగా ఉంది.

జవాబు ల్యాబు చిరునామాకు రాయండి. ఫోన్ వద్దు. మా ఇంట్లో ఫోన్లో మాట్లాడే అలవాటు లేదు. ఈ ఉత్తరం సంగతి నాన్నకు చెప్పలేదు. దాచాలని కాదు, మా ఇంట్లో చెప్పే సందర్భం రాదు.

ఆయన కూతురు

⁂

డ్రైవింగ్ స్కూలు, మేడ మీద గది
ఆదివారం, పాఠాలు లేని పొద్దున

అమ్మాయి గారికి,

మీ ఉత్తరం మా అక్క చేతికి ముందు దొరికింది. కింద ఆఫీసు చూసుకునేది తనే. "ఎవరో కట్టుడు పళ్ళ వాళ్ళు నీకు రాశారే, అప్పుడే అవసరం పడిందా?" అంటూ మెట్లెక్కి వచ్చింది. చదివాక మాత్రం జోకులు మానేసి, "పిల్ల తిన్నగా అడిగింది, నువ్వూ తిన్నగా చెప్పు" అంది. చెబుతాను.

ఆ రోజు ఆయన మా స్కూలుకు వచ్చి కుర్చీలో కూర్చున్నారు. కొత్తవాళ్ళను అడిగే ప్రశ్నలే అడిగాను.

"ఎప్పుడైనా స్టీరింగు పట్టుకున్నారా?"

"అప్పుడప్పుడు."

"ఏ బండి?"

"బస్సు."

వేళాకోళమేమో అనుకున్నాను. "నాకు డ్రైవింగ్ వచ్చండీ, ఈ రోడ్డే రాదు" అన్నారు. "మా దగ్గర రోడ్డుకు ఆ పక్కన నడుపుతాం. మలుపు రాగానే నా చేతులు నన్నడక్కుండా అటే తిప్పేస్తున్నాయి. అన్నయ్యను ఆస్పత్రికి తిప్పాలి. ఒకసారి ఆయన గుండె కోసి బాగుచేశారు, నేను మళ్ళీ ఆపేయకూడదు కదా."

అదీ సంగతి. అంత అనుభవమున్న డ్రైవరు నా పక్కన శిష్యుడిలా కూర్చుని, నేను "ఎడమ" అంటే ఎడమ, "ఆగండి" అంటే ఆగడం. నా దగ్గర నేర్చుకునే పిల్లలందరూ నన్ను బ్రేకమ్మ అంటారు. నేర్పేవాళ్ళ వైపు కూడా కాలి కింద ఒక బ్రేకు ఉంటుంది, నేను దాన్ని వాడినంతగా ఇంకెవరూ వాడరట. ఈ వయసులో పెళ్ళేమిటని మీరు అడగలేదు గానీ అడగాలనుకునే ఉంటారు. ఇదివరకు నన్ను పెళ్ళికి అడిగినవాళ్ళు లేకపోలేదు. వాళ్ళ పక్కన కూర్చుంటే నా కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయేది. ఈయన పక్కన పోలేదు. ఇంతకంటే పెద్ద కారణం వెతికాను, దొరకలేదు.

పైగా ఆ మాటలు! బండి ఎక్కింది మొదలు దిగేదాకా నోరు మూతపడదు. బస్సులో ఎక్కేవాళ్ళ గొంతులు అనుకరించి చూపిస్తారు. ఎర్ర దీపం పడితే పాట. శ్రుతి ఆ దారిలో రాదనుకోండి, అయినా పక్క బండివాళ్ళు అద్దం దించి వినేవాళ్ళు. నేను నవ్వి నవ్వి దీపం పచ్చబడింది కూడా చూసుకునేదాన్ని కాదు. ఫోటోలో నా కళ్ళు మూతపడటానికి కారణం కూడా ఆయనే. ఫోటో తీసే సమయానికి రిజిస్ట్రారు గారి దగ్గును అనుకరించారు.

మీ గురించి చాలా చెప్పారు. "మా పిచ్చుక చేతిలో పడితే మైనం కూడా పన్నులా కొరుకుతుంది" అనేవారు. కానీ నాకొకటి వింతగా ఉంది. బస్సు గురించి అడిగితే గంట చెబుతారు, ఇంటి గురించి అడిగితే "బాగుంటుంది" అని ఊరుకుంటారు. మీ ఇల్లు ఎలా ఉంటుంది? వంటింటి కిటికీలోంచి ఏం కనిపిస్తుంది? మీరిద్దరూ సాయంత్రాలు ఏం మాట్లాడుకుంటారు?

మీ నాన్నకు చాటుగా రాయడం నాకు ఇష్టం లేదు. ఆయన అడిగితే ఉన్నదున్నట్టు చెప్పేస్తాను. అడిగేదాకా రాస్తాను.

బ్రేకమ్మ

⁂

పళ్ళ ల్యాబు

నమస్కారం.

మీ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివాను. మీరు రాసిన మనిషి మా నాన్న కాదు.

మా నాన్న గడప బయటే బూట్లు విప్పి, మేజోళ్ళతో లోపలికి వస్తాడు. గరిటె గిన్నెకు తగలకుండా వడ్డించుకుంటాడు. ఉప్పు కావాలంటే "ఉప్పు" అంటాడు. నేను ఏదైనా చెబితే "సరే" అంటాడు. కుర్చీ జరపడు, పైకెత్తి పెడతాడు. ఇక పాడటమా? ఆయన పాడగా నేను వినలేదు. అనుకరించడమంటారా, నేను కలలో కూడా చూడలేదు. సాయంత్రాలు ఏం మాట్లాడుకుంటామని అడిగారు. మాట్లాడుకోం.

పిచ్చుక అన్నమాట మాత్రం నన్ను ఆపేసింది. చిన్నప్పుడు అలాగే పిలిచేవాడు. తర్వాత మానేశాడు. అది మీకెలా తెలిసింది?

కాగితాల కోసం పెళ్ళిళ్ళు చేసుకునేవాళ్ళ గురించి ఇక్కడ కథలు కథలుగా చెబుతారు. మీరు అలాంటివారని అనను. కానీ ఆఫీసరు ముందు తెలియనిది తెలిసినట్టు చెప్పలేను. ఒక్కటి అడుగుతాను. నాన్న ఎడమ చెవికి ఏమైంది?

వంటింటి కిటికీలోంచి పక్కింటి గోడ కనిపిస్తుంది. ఇంకేమీ లేదు.

⁂

డ్రైవింగ్ స్కూలు, మేడ మీద గది
వాన పడుతోంది, పాఠం రద్దయింది

అమ్మాయి గారికి,

ఎడమ చెవి తమ్మె చివర చిన్న నొక్కు ఉంటుంది. చిన్నప్పుడు కోడిపుంజు పొడిచిందట. ఆ పుంజు తనదని, దానికి స్నానం చేయించబోతే ఎదురు తిరిగిందని, అది చచ్చేదాకా ఆయన దాన్ని "అల్లుడుగారూ" అని పిలిచారని చెప్పారు. ఈ కథ మీకు తెలుసా? నొక్కు మీకు తెలుసు, కథ నాకు తెలుసు. ఒకే చెవి మన ఇద్దరి దగ్గరా సగం సగం ఉందన్నమాట.

మీ ఉత్తరం చదివి ముందు చురుక్కుమంది. తర్వాత కోపం పోయి ఒకటే ఆలోచన పట్టుకుంది. నేను పెళ్ళి చేసుకున్నది ఎవరిని? మేజోళ్ళతో నడిచే ఆ మనిషి ఎవరు? ఇక్కడ ఈయన చెప్పుల చప్పుడు వీధి చివర్నుంచి వినిపించేది.

నిన్న నన్నూ వీసా ఆఫీసుకు పిలిచారు. అద్దం వెనక ఒకావిడ, చల్లటి గొంతు. "మీ భర్త ఎలాంటి మనిషో చెప్పండి" అంది. నాకు నోరు తిరిగే విషయమే కదా, మొదలుపెట్టాను. పాటలు, అనుకరణలు, కోడిపుంజు. ఆవిడ మొదట రాసుకుంది, కాసేపటికి రాయడం ఆపి పెదవి బిగబట్టి నవ్వు దాచుకుంది. చివర్లో మాత్రం, "బస్సు డ్రైవరుకు మీరు డ్రైవింగ్ నేర్పారా?" అని అడిగి, నా మొహంకేసి చాలాసేపు చూసింది.

మీరు నాకోసం అబద్ధం ఆడొద్దు. మీరు చూసింది మీరు చెప్పండి. నేను చూసింది నేను చెప్పాను. కానీ ఒకటి అడగనా? ఆయన బస్సు మీరు ఎప్పుడైనా ఎక్కారా?

బ్రేకమ్మ

⁂

డ్రైవింగ్ స్కూలు

అమ్మాయి గారికి,

వీసా ఇవ్వలేమన్నారు. కారణం కూడా రాశారు. భార్య వర్ణించిన వ్యక్తికీ, అదే ఇంట్లో ఉంటున్న కూతురు వర్ణించిన వ్యక్తికీ పొంతన లేదట. భార్యకు భర్త గురించి నిజంగా తెలుసన్న నమ్మకం కలగలేదట.

మీమీద కోపం లేదని రాద్దామనుకున్నాను. ఉంది. అబద్ధం ఆడొద్దని చెప్పింది నేనే, మీరు ఆడలేదు, అయినా ఉంది. దాన్ని ఏం చేసుకోవాలో తెలియడం లేదు. రెండు రోజులు పాఠాలు చెప్పాను గానీ ఒక అబ్బాయి చెట్టుకు గుద్దేదాకా నా కాలు కదల్లేదు. చెట్టుకేమీ కాలేదు.

ఆయన ఫోన్ చేశారు. "అప్పీలు చేద్దాం" అన్నారు. ఆ ఒక్క ముక్కే. తర్వాత ఎంతసేపు ఆగినా ఇంకో మాట రాలేదు. ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారని అడిగితే "ఇంట్లోంచి" అన్నారు. మీరు రాసిన మనిషి గొంతు నేను మొదటిసారి విన్నాను.

⁂

పళ్ళ ల్యాబు
అందరూ వెళ్ళాక, ఖాళీ బల్ల ముందు

బ్రేకమ్మగారికి,

మీ కోపం న్యాయమే. నన్ను వాదించమని అడక్కండి. దానికి బదులు నిన్న నేను చూసింది రాస్తాను.

సెలవు పెట్టి నాన్న బస్సెక్కాను. టోపీ కళ్ళమీదికి లాక్కుని, వెనక తలుపు నుంచి ఎక్కి, చివరి సీట్లో కూర్చున్నాను. ఈ ఊళ్ళోనే పెరిగాను గానీ ఆయన నడిపే దారిలో నాకెప్పుడూ పని పడలేదు.

ముందు గొంతు వినిపించింది. మైకులోంచి, బస్సంతా నిండుతూ. "దిగేవాళ్ళు దిగండి, ఎక్కేవాళ్ళు ఎక్కండి, ఏ సంగతీ తేల్చుకోలేనివాళ్ళు హాయిగా కూర్చోండి." డ్రైవరు మారాడేమోనని మెడ చాచి చూశాను. నొక్కున్న ఆ చెవి నాన్నదే.

చేతికర్రతో ఒక ముసలావిడ ఎక్కుతూ కంగారు పడింది. "నిదానంగా రండమ్మా, ఈ బస్సు మీకంటే పెద్దది, అదీ ఎక్కడికీ పరిగెత్తదు" అన్నాడు. ఆవిడ పకపకా నవ్వింది. మలుపు తిరిగేటప్పుడు కూనిరాగం. మీరన్నట్టే శ్రుతి లేదు. నా పక్కన సంచులు పెట్టుకుని కూర్చున్నావిడ నన్ను చూసి, "కొత్తగా ఎక్కారా? మేం ఈయన బస్సు కోసం ముందొచ్చిన బస్సు వదిలేసుకుంటాం" అంది.

ఆ ముసలావిడ దిగబోతూ అడిగింది, "మీ ఆవిడ ఎప్పుడొస్తుంది నాయనా?"

"కాగితాల వాళ్ళు ఇంకా నమ్మలేదండీ."

"మళ్ళీనా!" అన్నారు ఎవరో. "మీకు డ్రైవింగ్ నేర్పిందని చెప్పలేదా?" అని ఇంకొకరు. "చెప్పాం. నమ్మనిది అదే" అన్నాడు నాన్న. బస్సంతా ఉసూరుమంది. సంచులావిడ నావైపు వంగి, "పాపం, ఆవిడ ఈయన చేత ఎడమవైపు తిప్పించడానికి ఎంత తిప్పలు పడిందో మీకు తెలియదు" అని మీ మొదటి పాఠం మొత్తం చెప్పుకొచ్చింది. చెట్లు, సిగ్నళ్ళు, రిజిస్ట్రారు దగ్గు, అన్నీ.

మీ గురించి ఆ బస్సులో తెలియనిదాన్ని నేనొక్కదాన్నే.

చివరి స్టాపుకు ముందే దిగిపోయాను. రాత్రి భోజనం దగ్గర ఆయన "ఉప్పు" అన్నాడు. అందించాను. ఆయన చెవికేసి చూస్తూ కూర్చున్నాను. అడగాలని ఉంది, అడక్కుండానే కంచాలు తీసేశాను.

మీరు చెప్పింది నిజం. నేను చెప్పిందీ నిజమే. ఆ ఆఫీసరుకు దీన్ని ఎలా చెప్పాలి?

⁂

డ్రైవింగ్ స్కూలు, కారులోనే కూర్చుని

అమ్మాయీ,

"గారు" తీసేశాను, నొచ్చుకోవద్దు. బస్సు సంగతి చదివాక "గారు" రాయడానికి చెయ్యి రాలేదు. అక్కకు చదివి వినిపిస్తే తను కళ్ళు ఒత్తుకుంటూ, "ముక్కూ మొహం తెలియని ఆ సంచులావిడకు నా తరఫున దండం పెట్టమను" అంది.

ఆఫీసరుకు ఎలా చెప్పాలన్నది తర్వాత. ముందు నాకు చెప్పు. అంత మాటకారి ఇంటి గడప దాటగానే ఎందుకు మూగవాడవుతాడు? మీ ఇద్దరికీ ఏదైనా గొడవా? ఆ ఇంట్లో ఏం జరిగింది? నేను అడగకూడనిది అడుగుతుంటే నాకు రాయడం మానెయ్. కానీ నేను రాబోయే ఇల్లు అది, వస్తే. తెలుసుకోకుండా ఉండలేను.

బ్రేకమ్మ

⁂

అప్పీలు ఆఫీసు ఎదురుగా ఉన్న పార్కు, బెంచీ మీద

పిన్నీ,

ఈ పిలుపు ఎక్కడినుంచి వచ్చిందో కింద రాస్తాను.

గొడవ ఏమీ లేదు. నా చిన్నప్పుడు అమ్మకు జబ్బు చేసింది. తలలో ఏదో నరం. చిన్న చప్పుడైనా తల పట్టుకుని మెలికలు తిరిగిపోయేది. మేడ మీద గదిలో కర్టెన్లు మూసి పడుకోబెట్టాం. కాలింగ్ బెల్లు తీగ పీకేశాం. కుక్కరు అటకెక్కింది. తలుపు గడియలకు గుడ్డలు చుట్టాం. నాన్న నాకు మునివేళ్ళ మీద మెట్లెక్కడం నేర్పాడు, ఏ మెట్టు కిర్రుమంటుందో చూపించి అది దాటించాడు. ఏళ్ళు అలా గడిచాయి. అమ్మ పోయాక ఇల్లు అలాగే ఉండిపోయింది. ఎవరు ముందు మాట్లాడాలో ఇద్దరికీ తెలియలేదు. తర్వాత అది ఒక విషయమన్న సంగతే మరిచిపోయాం. నువ్వు అడిగేదాకా నేను దాన్ని ఎవరికీ చెప్పలేదు, నాకు నేను కూడా.

ఇక ఇవాళ్టి సంగతి. అప్పీలు వినడానికి ముగ్గురు కూర్చున్నారు. మెత్తటి తివాచీ గది, గాజు గ్లాసుల్లో నీళ్ళు. మధ్యలో ఉన్న పెద్దావిడ ముందు నాన్నను అడిగింది, "మీ భార్యను ఎలా కలిశారు?" నాన్న గొణిగాడు. "కొంచెం గట్టిగా చెప్పండి." ఇంకా గొణిగాడు. ఆవిడ మైకు దగ్గరికి జరిపినా లాభం లేదు. ఎడమ వైపాయన కాగితం చూసుకుంటూ, "ఈయనేనా సిగ్నళ్ళ దగ్గర పాటలు పాడేది?" అన్నాడు. వెటకారంగా కాదు, నిజంగానే తెలియక.

నాకప్పుడు వెలిగింది. నేను పక్కనే ఉన్నాను. నేనున్న చోటల్లా ఆయనకు ఇల్లే.

లేచి నిలబడ్డాను. "నేను బయటికి వెళ్తే ఆయన మాట్లాడతాడు" అన్నాను. ఎందుకన్నారు. పైన నీకు రాసిందంతా చెప్పాను. మేజోళ్ళు, గుడ్డలు చుట్టిన గడియలు, బస్సు, చివరి సీటు. "మీ ఆఫీసరుకు నేను అబద్ధం చెప్పలేదు. ఆవిడా చెప్పలేదు. ఇద్దరం ఒకే మనిషిని రెండు వైపుల నుంచి చూశాం. ఆవిడ చూసిందే పూర్తి మనిషి."

నాన్న తల తిప్పి నన్ను చూశాడు. నేను బస్సెక్కానని ఆయనకు అప్పటిదాకా తెలియదు.

పెద్దావిడ అంది, "మీరు వెళ్ళొద్దు. మీరే అడగండి."

నేను నాన్న వైపు తిరిగాను. గట్టిగానే అడిగాను, ల్యాబులో కూడా అంత గట్టిగా మాట్లాడను. "నాన్నా, ఎర్ర దీపం దగ్గర ఏం చేసేవాడివి?"

"నువ్వుండగానా?" అన్నాడు మెల్లగా.

"నేనుండగానే."

ముందు గొంతు సవరించుకున్నాడు. తర్వాత ఒక్కో మాటా బయటికొచ్చింది. నీ బ్రేకు, నీ కేకలు, మొదటి రోజు రోడ్డుకు అటు పక్కన దూసుకెళ్ళి పాలబండి వాడి చేత తిన్న తిట్లు, అవి ఆ పాలవాడి గొంతులోనే. కుడి వైపు కూర్చున్నాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఎడమవైపాయన నవ్వితే గ్లాసు ఒలికింది. చివరికి పెద్దావిడే చెయ్యెత్తి, "చాలండీ, తర్వాతి వాళ్ళు ఎదురుచూస్తున్నారు" అంది. నేను మాత్రం నవ్వలేదు. అంత దగ్గరగా ఉండి వినడం అదే మొదటిసారి, ఒక్క మాట పోనివ్వకుండా విన్నాను.

లేవబోతుంటే ఆవిడ నన్ను అడిగింది, "ఈమె మీకు ఏమవుతారు?" వాళ్ళ భాషలో ఉన్న మాట పిల్లల కథల్లో చెడ్డావిడకు వాడేది. అది చెప్పబుద్ధి కాలేదు. "పిన్ని" అన్నాను. అర్థమేమిటన్నారు. "చిన్నమ్మ అని. కొత్తగా వచ్చినా అమ్మల వరసే" అన్నాను. అక్షరాలు అడిగి రాసుకున్నారు.

ఫలితం పోస్టులో వస్తుందట. నాన్న అటు బల్ల మీద కూర్చుని పావురాలకు ఏదో చెబుతున్నాడు. ఎవరికి రాస్తున్నావని ఇందాకే అడిగాడు. నీకని చెప్పాను. "ఎన్నాళ్ళనుంచి?" అన్నాడు. "చాలా రోజులనుంచి" అన్నాను. "ఆవిడ నాకు చెప్పలేదే!" అని నవ్వాడు.

నీ
పిచ్చుక

⁂

డ్రైవింగ్ స్కూలు

పిచ్చుకా,

ఇచ్చారు! వీసా ముద్ర వేసిన పాస్‌పోర్టు ఇవాళ చేతికొచ్చింది. అక్క దాన్ని వెలుగులో పెట్టి, అటూ ఇటూ తిప్పి, "ఇంతోటి బొమ్మ కోసమా ఇంత గోల" అని, వెనక్కి తిరిగి చాలాసేపు బీరువా సర్దింది. బీరువాలో సర్దడానికేమీ లేదు. స్కూలు ఇకమీదట తను నడుపుతుంది. పాఠాలకు నా పాత శిష్యురాలు ఒకమ్మాయి వస్తుంది, కాలు నాకంటే చురుకు.

భయంగా ఉంది. ఇది మీ నాన్నకు చెప్పలేదు, నీకే చెబుతున్నాను. అక్కడ నా చేతులు నన్నడక్కుండా ఇటే తిప్పుతాయి కదా.

నువ్వేమో మొన్నటి ఉత్తరంలో వేరే ఊళ్ళో పెద్ద ల్యాబులో ఉద్యోగానికి వెళ్ళిపోతున్నానని రాశావు. నేను వస్తున్నానని వెళ్ళడం లేదు కదా? అదైతే వద్దు. ఆ పెద్ద ల్యాబులో ఏం నేర్పుతారో చూడాలని నిజంగానే ఉంటే, వెళ్ళు.

పిన్ని

⁂

మీ ఇల్లు, వంటింటి బల్ల

పిచ్చుకా,

నువ్వు విమానాశ్రయం నుంచి అటే కొత్త ఊరి బండెక్కావు, నేను ఇటు మీ నాన్న వెంట వచ్చాను. దారంతా ఆయన మాటలే. ప్రతి వీధికీ ఒక కథ. గడప దగ్గర బూట్లు విప్పారు, అంతే, గొంతు కూడా అక్కడే వదిలేసినట్టయింది. "ఇదే ఇల్లు" అన్నారు గుసగుసగా.

నేనూ గుసగుసలాడాను! నలభై బండ్ల హారన్ల మధ్య "బ్రేకు!" అని అరిచే నేను, వారం రోజులు ఈ ఇంట్లో పిల్లిలా తిరిగాను. నువ్వు రాసిందంతా తెలిసి కూడా. ఇల్లు అలాంటిది. చెబితే మారదు. ఆయనకు చెప్పాలని ఒకటి రెండుసార్లు నోరు తెరిచి, మేడ మెట్లకేసి చూసి మూసుకున్నాను.

నిన్న మధ్యాహ్నం గిన్నెలు తుడుస్తుంటే పెద్ద మూత చేయి జారింది. కావాలని కాదు, ఒట్టు. నేల మీద పడి, నిలువునా లేచి, గిరగిరా తిరుగుతూ ఒకటే మోత. ఎంతకీ ఆగదే! పట్టుకోబోతే బల్ల కిందికి దొర్లి అక్కడ మొదలుపెట్టింది.

ఆయన ముందు గదిలోంచి ఒక్క పరుగున వచ్చారు. నా దగ్గరికి కాదు, మేడ మీదికి. కిర్రుమనే మెట్టు దాటి, పైకెళ్ళి మీ అమ్మ గది తలుపు మీద చెయ్యి వేసి నిలబడ్డారు. చెవి తలుపుకు ఆనించారు. నేను మెట్ల కిందిదాకా వెళ్ళి ఆగాను. మూత తిరిగి తిరిగి ఆగింది. ఆ తర్వాత కూడా ఆయన అలాగే వింటున్నారు.

చివరికి నావైపు తిరిగారు.

"ఎవరూ లేవలేదు" అన్నారు. మామూలు గొంతుతో.

అని, అక్కడే పై మెట్టు మీద కూలబడ్డారు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. చాలాసేపు ఏడ్చారు, చప్పుడు చేస్తూ, ముక్కు చీదుకుంటూ. నేను ఆపలేదు. నేనేమీ అనలేదు కూడా. ఏదో ఒకటి అనకుండా ఉండటం నాకెంత కష్టమో నీకు తెలుసు.

తర్వాత మాటలు మొదలయ్యాయి. ఆ మెట్ల మీదే, చీకటి పడేదాకా. అన్నీ మీ అమ్మ గురించే. ఆమె నవ్వితే పక్క వీధివాళ్ళు కిటికీలు తెరిచి "ఏమైంది?" అని అడిగేవారట. మీ నాన్నకు అనుకరణలు నేర్పింది ఆమేనట, పాలవాడూ రిజిస్ట్రారూ అందరూ ఆమె పెట్టిన భిక్షేనట. జబ్బు రాకముందు ఈ ఇల్లంత గోలగా ఉండే ఇల్లు వీధిలో లేదట. ఇవి నీకు తెలుసా? నువ్వు నాకెప్పుడూ రాయలేదు. నీకు గుర్తుండే వయసు కాదేమో.

ఇంకా చాలా చెప్పారు. అవి నేను రాయను. నాకు రాయడం రాక కాదు, అవి ఆమె గొంతులో చెప్పారు, పిచ్చుకా. ఆ గొంతు కాగితం మీదికి రాదు. సెలవు దొరగ్గానే బయల్దేరు. వచ్చి అడుగు.

పిన్ని